ఎవరూ కొనని గుర్రం.. జపాన్‌నే మార్చేసింది!

మా తమ్ముడి ఫోన్‌లో ఉమా ముసుమే అని ఒక జపాన్ గేమ్ ఉంది. ఒకప్పుడు నిజంగా పరుగెత్తిన రేసు గుర్రాలన్నీ అందులో అమ్మాయిలు. చెవులూ తోకా మాత్రం గుర్రానివే. మొదట చూసి పగలబడి నవ్వాను. వారం తిరక్కుండా నేనూ ఆడుతున్నాను!

ఒకరోజు రాత్రి, ఈ పేర్ల వెనకున్న అసలు గుర్రాలేంటా అని వెతికాను. స్పెషల్ వీక్‌కీ, సైలెన్స్ సుజుకాకీ తండ్రి ఒకటే. గోల్డ్ షిప్‌కి అదే తాత. పేరు సండే సైలెన్స్. తీరా చూస్తే అది జపాన్ గుర్రమే కాదు. అమెరికాలో పుట్టిన, అమెరికా వద్దనుకున్న గుర్రం. ఇంకేం నిద్ర?

సండే సైలెన్స్ 1986 మార్చి 25న కెంటకీలోని స్టోన్ ఫామ్‌లో పుట్టింది. దాదాపు నల్లటి ఒళ్లు, సన్నటి శరీరం. వెనక కాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతాయేమో అన్నట్టుండేవి. పైగా మహా పొగరు. తండ్రి హేలో కూడా మనుషుల్ని కరవడంలో పేరు మోసిందే. పిల్లగా ఉన్నప్పుడే వైరస్ సోకి, విరేచనాలతో చావు అంచుదాకా వెళ్లొచ్చింది.

థరోబ్రెడ్ గుర్రాల వ్యాపారంలో అందరూ ముందు చూసేది వంశం. మన పెళ్లి సంబంధాల్లో ఏడు తరాలు తవ్వుతారు చూడండి, అలా. సండే సైలెన్స్ తల్లి విషింగ్ వెల్ రేసుల్లో బాగానే గెలిచింది గానీ, ఆమె వెనక పెద్ద పేర్లు లేవు. 1987లో కీన్‌ల్యాండ్ వేలంలో సరైన ధర పలకలేదు. ఫామ్ యజమాని ఆర్థర్ హ్యాంకాక్ 17,000 డాలర్లకు తనే వెనక్కి తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది కాలిఫోర్నియా వేలంలోనూ అంతే. 32,000 దగ్గర ఆగిపోతే మళ్లీ తనే ఉంచుకున్నాడు. ఇంటికి తెస్తుంటే దారిలో డ్రైవర్‌కి గుండెపోటు వచ్చి వ్యాన్ బోల్తా పడింది. గుర్రం దెబ్బలతో బయటపడింది. ఇది సినిమాలో పెడితే "మరీ ఇంతా?" అంటాం.

చివరికి చార్లీ విటింగ్‌హామ్ అనే పెద్దాయన సగం వాటా తీసుకుని శిక్షణ మొదలుపెట్టాడు. తన వాటాలో సగం మళ్లీ ఒక డాక్టర్‌కి అమ్మాడు. 1989లో ఆ గుర్రాన్ని కెంటకీ డెర్బీకి తెచ్చేనాటికి ఆయన వయసు 76.

అక్కడ ఎదురుపడింది ఈజీ గోయర్. ఈ పోటీలో గుర్రాల కథ ఎంతుందో మనుషుల కథా అంతే ఉంది. హ్యాంకాక్ కుటుంబానిది క్లెయిబర్న్ అనే పెద్ద పేరున్న ఫామ్. తండ్రి పోయాక అది పెద్ద కొడుకు ఆర్థర్‌కి దక్కలేదు. ఎస్టేట్ వ్యవహారాలు చూసిన పెద్దలు తమ్ముడు సెత్‌కి అప్పగించమన్నారు. ఆ పెద్దల్లో ఒకరు ఆగ్డెన్ ఫిప్స్. ఆర్థర్ బయటికొచ్చేసి తన సొంత ఫామ్ మీదే నిలబడ్డాడు. ఈజీ గోయర్ యజమాని ఎవరనుకున్నారు? ఆ ఫిప్సే! అది పుట్టింది కూడా క్లెయిబర్న్‌లోనే, సండే సైలెన్స్ కంటే సరిగ్గా నాలుగు రోజుల ముందు. తండ్రి ఆలిడార్, తల్లి ఛాంపియన్ రిలాక్సింగ్. వంశానికి వంశం, అందానికి అందం.

డెర్బీలో సండే సైలెన్స్ రెండున్నర గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. రెండు వారాలకు ప్రీక్‌నెస్ రేసు. చివరి మలుపు నుంచి రెండూ భుజం భుజం రాసుకుంటూ పరుగెత్తాయి. తేడా ముక్కంత. దయచేసి ఆ వీడియో చూడండి, రెండు నిమిషాలే. మూడోది బెల్మంట్. అదీ గెలిస్తే ట్రిపుల్ క్రౌన్ దక్కేది. కానీ ఈజీ గోయర్ ఎనిమిది పొడవుల దూరంలో వదిలేసి వెళ్లిపోయింది. చూశారా, అసలు మొనగాడు ఎవరో తేలిపోయింది అన్నారు. నవంబర్‌లో బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో మళ్లీ ఢీ. సండే సైలెన్స్ మెడంత తేడాతో గెలిచి ఆ ఏడాది హార్స్ ఆఫ్ ది ఇయర్ అయింది. మొత్తం 14 రేసులు, 9 గెలుపులు, మిగతా ఐదింటిలో రెండో స్థానం. సంపాదన 49 లక్షల డాలర్ల పైమాటే.

1990లో కాలి లిగమెంట్ దెబ్బతిని రిటైరైంది. గుర్రాలకు అసలు డబ్బు మొదలయ్యేది అక్కడే. పెద్ద ఫామ్‌లు వాటాలు కొంటాయి, తమ ఆడగుర్రాల్ని పంపుతాయి. థరోబ్రెడ్‌లలో కృత్రిమ గర్భధారణ నిషేధం. సహజంగా కలిసి పుట్టిన పిల్లనే ఆ జాతి రిజిస్టర్‌లో చేరుస్తారు. అంటే మగ గుర్రం ఏ ఊళ్లో ఉంటే సంతానం అక్కడే.

ఆర్థర్ వాటాలు అమ్మకానికి పెట్టాడు. ముందుకొచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. డెర్బీ గెలిచినా వెనక కాళ్లు అవే, తల్లి వంశం అదే! వాళ్లని తిట్టాలనిపిస్తుంది గానీ, వాళ్ల లెక్కా తప్పు కాదు. గొప్పగా పరుగెత్తి, సంతానం దగ్గర తుస్సుమన్న ఛాంపియన్లు బోలెడు. అప్పటికే ఒక వాటా ఉన్న జపాన్ వ్యాపారి జెన్యా యోషిదా మొత్తం కొంటానన్నాడు. అప్పుల్లో ఉన్న ఆర్థర్ కోటి డాలర్ల లెక్కన అమ్మేశాడు. సండే సైలెన్స్ హొక్కైడో దీవిలోని షాదాయ్ ఫామ్‌కి విమానమెక్కింది. జపాన్ వాళ్లు మోసపోయారని కెంటకీలో చాలామంది అనుకున్నారు.

పిల్లలు 1994లో ట్రాక్ ఎక్కాయి. 1995లో జపాన్ డెర్బీ గెలిచిన తయాసు త్సుయోషి, సత్సుకి షో గెలిచిన జెన్యూన్, ఓక్స్ గెలిచిన డాన్స్ పార్ట్‌నర్, మూడూ దీని పిల్లలే. ఆ ఏడాది నుంచి 2007 దాకా, వరుసగా 13 ఏళ్లు జపాన్ నంబర్ వన్ తండ్రి గుర్రం సండే సైలెన్సే. అంత దూరం చూసిన యోషిదా మాత్రం ఇదేదీ చూడలేదు. 1993లోనే చనిపోయాడు.

సంతానంలో అందరి బతుకులూ పండగ కాదు. సైలెన్స్ సుజుకా 1998లో రేసు మధ్యలో కాలు విరిగి ప్రాణం పోగొట్టుకుంది. అది చదివాక ఆటలో దాన్ని పరుగెత్తించడానికి రెండ్రోజులు చెయ్యి రాలేదు.

2002లో సండే సైలెన్స్ ముందు కాలికి ఇన్ఫెక్షన్ సోకింది. తర్వాత లామినైటిస్, అంటే గిట్టల లోపలి పొరలు వాచిపోయే జబ్బు. ఆగస్టు 19న చనిపోయింది. 16 ఏళ్లే. అదే ఏడాది మార్చి 25న, తండ్రి పుట్టినరోజునే, ఒక చిన్న సైజు పిల్ల పుట్టింది. అదే డీప్ ఇంపాక్ట్. 2005లో ఒక్క ఓటమి లేకుండా జపాన్ ట్రిపుల్ క్రౌన్ కొట్టింది. 2012 నుంచి 2022 దాకా తండ్రి కుర్చీ దానిదే. దాని కొడుకు ఆగస్ట్ రోడిన్ 2023లో ఇంగ్లండ్ ఎప్సమ్ డెర్బీ గెలిచింది.

ఇప్పుడు జపాన్‌కి వచ్చిన చిక్కేంటంటే, ఏ ఆడగుర్రం వంశం తిరగేసినా సండే సైలెన్స్ పేరే. మేనరికం మరీ ఎక్కువ కాకుండా బయటి రక్తం కోసం వెతుక్కోవాల్సి వస్తోంది.

2025 నవంబర్ 1న కాలిఫోర్నియాలో బ్రీడర్స్ కప్ క్లాసిక్ జరిగింది. జపాన్‌లో శిక్షణ పొందిన గుర్రం ఏదీ అంతకుముందు ఆ రేసు గెలవలేదు. ఈసారి ఫరెవర్ యంగ్ గెలిచింది. దాని తండ్రి రియల్ స్టీల్, తాత డీప్ ఇంపాక్ట్, ముత్తాత సండే సైలెన్స్. 1989 రేసు వీడియోనీ దీన్నీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి తమ్ముడికి చూపించాను. చివరి వంద మీటర్లలో ముందున్న గుర్రం అక్కడా వదల్లేదు, ఇక్కడా వదల్లేదు. వాడు ఫోన్ లాక్కుని, ఫరెవర్ యంగ్ ఆటలోకి ఎప్పుడొస్తుందో అని వెతకడం మొదలెట్టాడు.