సందేశాల వరుసకు కావలి

బ్యాంకులో సొమ్ము జమ అయినదనియు, రైలు టిక్కెట్టు ఖాయమైనదనియు, మందుల పొట్లము బయలుదేరినదనియు మన ఫోనులకు వర్తమానములు వచ్చుచుండును. ఇట్టి వర్తమానము పుట్టిన చోటినుండి నేరుగా మన చేతికి రాదు. పెక్కు సంస్థలలో అది నడుమనున్న ఒక కంప్యూటరులో వరుసలో నిలిచి, తన వంతు వచ్చిన పిమ్మట ముందునకు సాగును. ఆ నడిమి యంత్రమును మెసేజ్ క్యూ సర్వర్ అందురు. దానికి కావలి యెట్లు ఏర్పరుపవలెనో శ్రోతలకు విన్నవించుట ఈ ప్రసంగపు ఉద్దేశము.

పంపెడు ప్రోగ్రాము సందేశమును వరుసలో ఉంచి తన పనికి తాను మరలును. అందుకొనెడు ప్రోగ్రాము ఒక్కొక్కదానిని తీసికొని, పని ముగించి, ‘ముట్టినది’ అని రసీదు ఇచ్చును. రసీదు వచ్చిన మీదటనే సర్వర్ ఆ సందేశమును తుడిచివేయును. ఈ యేర్పాటువలన పండుగనాటి రద్దీలో పంపువారు ఆగనక్కరలేదు. అందుకొనువారు ఉక్కిరిబిక్కిరి కానక్కరలేదు. అయితే ఈ సుగుణములోనే చిక్కు దాగియున్నది. అందుకొనెడు ప్రోగ్రాము అర్ధరాత్రివేళ ఆగిపోయినను పంపెడు ప్రోగ్రామునకు ఆ సంగతి తెలియదు. వరుస పెరుగుచునే యుండును. ఎక్కడను గంట మ్రోగదు. కావలి లేనిచోట ఆ లోపము మొట్టమొదట తెలియునది వర్తమానము అందని గృహస్థునకే. కావున వరుస నిశ్శబ్దముగా నున్నంతమాత్రమున క్షేమముగా నున్నదని తలపరాదు.

ఉదాహరణకు రాబిట్‌ఎమ్‌క్యూ అను సర్వర్‌ను తీసికొందము. 2007లో వెలువడిన ఈ సాఫ్ట్‌వేర్ ఎర్లాంగ్ అను కంప్యూటరు భాషలో వ్రాయబడినది. ఆ భాష స్వీడన్ దేశమందలి ఎరిక్సన్ టెలిఫోను సంస్థలో పుట్టినది. దాని పేరు డెన్మార్కు గణితవేత్త ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్‌ను స్మరింపజేయును. ఆయన కోపెన్‌హేగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేయుచు, టెలిఫోను పిలుపుల రాకను గూర్చి 1909లో ఒక వ్యాసము ప్రకటించి, వరుసల గణితమునకు పునాది వైచెను.

ఆ గణితము మనకు నేర్పు మొదటి పాఠమిది: వరుస పొడవు నొక్కదానినే చూచి లాభము లేదు, వచ్చు వేగమును, పోవు వేగమును కూడ చూడవలెను. సెకనుకు 200 సందేశములు వచ్చుచు 180 మాత్రమే పోవుచున్నవనుకొందము. తేడా ఇరువదియే. కాని గంట గడచునప్పటికి వరుసలో 72,000 సందేశములు పేరుకొనును. అప్పుడు చివర చేరిన సందేశము 400 సెకనులు, అనగా సుమారు ఏడు నిమిషములు, వేచియుండవలెను. నెలసరి లెక్కల పత్రమునకు ఆ ఆలస్యము లెక్కలోనిది కాదు. అయిదు నిమిషములలో చెల్లిపోవు రహస్య సంఖ్యకైనచో అది నిష్ఫలము. కనుక హెచ్చరిక ఎప్పుడు మ్రోగవలెనో సంఖ్యనుబట్టి గాక, వేచియుండు కాలమునుబట్టి నిర్ణయింపవలెను.

రెండవ పాఠము: నిలిచిన సందేశములు రెండు తెరగులు. ఇంకను ఎవరును తీసికొననివి కొన్ని. తీసికొనబడియు రసీదు రానివి కొన్ని. మొదటివి పెరిగినచో పనివారు చాలరనియో, అసలు లేరనియో భావింపవలెను. రెండవవి పెరిగినచో పనివారున్నారు గాని పని ముగియుటలేదని అర్థము. వారి వెనుకనున్న డేటాబేసు బిగుసుకొని యుండవచ్చును. ఈ రెంటిని కలిపి చూచినచో రోగము గుర్తుపట్టుట కష్టము.

మూడవది యంత్రపు ఆరోగ్యము. జ్ఞాపకశక్తి వాడకము నియమిత హద్దు దాటినను, డిస్కులో ఖాళీ తరిగినను, రాబిట్‌ఎమ్‌క్యూ తన్ను తాను కాపాడుకొనుటకు పంపువారిని నిలిపివేయును. డిస్కు విషయమున మొదట ఉండు హద్దు 50 మెగాబైట్లు మాత్రమే. నిజమైన పనికి ఇది మిక్కిలి తక్కువ. దానిని తప్పక పెంచవలెను. సర్వర్ తనంత తాను నిలిపివేయకముందే మనకు తెలియునట్లు ఆ హద్దుకు చాల ముందుగా హెచ్చరిక నుంచవలెను.

ఇక అమరిక. 2019లో వచ్చిన 3.8 కూర్పునుండి ప్రొమీథియస్ అను కొలతల సేకరణ సాధనమునకు లెక్కలు అందించు అనుబంధము రాబిట్‌ఎమ్‌క్యూతోనే వచ్చుచున్నది. దానిని తెరచినచో 15692వ పోర్టున అంకెలు లభించును. ప్రొమీథియస్ వానిని మనము ఏర్పరచిన వ్యవధికొకసారి చదివి దాచుకొనును. గ్రఫానా అను సాధనము వానిని రేఖాపటములుగా చూపును. ఇచట ఒక మెలకువ అవసరము. ఆ అనుబంధము మామూలుగా అన్ని వరుసలను కూడి మొత్తమునే చెప్పును. నూరు వరుసలు బాగుండి ఒక్కటి ఆగినచో మొత్తములో అది కనబడదు. ముఖ్యమైన వరుసలకైనను విడివిడి లెక్కలు అడుగవలెను. ఆ పోర్టు బయటివారికి తెరచి యుండరాదు. నిర్వహణ పుటను చూచువారికి మానిటరింగ్ అధికారము మాత్రమే గల వేరు పేరు నీయవలెను.

కాపలాదారుని ఆ సర్వర్‌లోనే నిలుపరాదు. ఇల్లు తగులబడినప్పుడు కేక వేయవలసినవాడు ఆ యింటిలోనే నిద్రించినచో ఏమి ప్రయోజనము? అట్లే, హెచ్చరికను ఆ వరుస ద్వారానే పంపరాదు. చిన్న సంగతికెల్ల మ్రోగు గంటను కొన్నాళ్లకు ఎవరును లెక్కచేయరు. కావున మనిషి లేచి చేయదగిన పని యున్నప్పుడే గంట మ్రోగవలెను. ఆ పని యేదో హెచ్చరికలోనే వ్రాసియుండవలెను.

ఇంతయు అమర్చిన పిమ్మట పరీక్ష యొక్కటి మిగిలినది. ప్రయోగమునకై వేరుగా నుంచిన సర్వర్‌లో అందుకొనెడు ప్రోగ్రామును కావలెనని ఆపి, గంట ఎంతసేపటికి మ్రోగునో, ఎవరికి వినబడునో చూడవలెను. మ్రోగకపోయినచో కావలి ఇంకను ఏర్పడలేదనియే అర్థము. ఆ లోపము మనకు తెలియవలసినది పరీక్షనాడే గాని, వర్తమానముకై ఎదురుచూచు గృహస్థుని ఫిర్యాదువలన గాదు.