వెల్ల వేసిన గోడ

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అని పెద్దలన్నారు. కట్టిన ఇల్లు కొని చూడుమని కూడ ఎందుకు చేర్చలేదో నాకు తెలియదు. “కట్టిన ఇంటికి వంకలు చెప్పేవారు వేయిమంది” అని మరొక సామెత ఉన్నది గదా! నేను ఇల్లు కొన్ననాడు ఆ వేయిమందిలో ఒక్కరైనను ఆ వీథిలో కనిపించలేదు.

2012వ సంవత్సరము వేసవిలో కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణములో పాత డాబా ఇల్లు కొన్నాను. మూడు గదులు, పెరటిలో బావి, ముంగిట పారిజాతము. గోడలకు కొత్తగా వెల్ల వేసి ఉన్నది. తూర్పుగదిలో మూలగోడకు ఆనించి ఒక టేకు బీరువా ఉన్నది. “కదల్చలేని బరువు మాస్టారూ, మీకే వదలివేస్తున్నాను” అన్నారు ఇల్లు అమ్మిన పెద్దాయన. ఆ ఔదార్యమునకు చేతులు జోడించినాను. దస్తావేజులు ప్లీడరుకు చూపించినాను. ముప్పది ఏండ్లకు ఈ.సి. తీయించినాను. పద్యములో యతిప్రాసలను వెదకే కన్నుతో కాగితములను పరిశీలించినాను. గోడను మాత్రము చూడలేదు.

శ్రావణము వెళ్ళకముందే బీరువా వెనుకనుండి ఒక బీట బయలుదేరి పైకప్పు వరకు ప్రాకినది. మేస్త్రీని పిలిపించినాను. అతడు బీరువా జరిపించి, తాపీ పిడితో గోడను తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. “ఇది ఈ ఏటి బీట కాదండీ. పాతదే. సిమెంటుతో పూడ్చి పైన సున్నం కొట్టారు” అన్నాడు.

కారణము కూడ అతడే చెప్పినాడు. మాది నల్లరేగడి నేల. అది నీరు త్రాగి ఉబ్బుతుంది, ఎండకు కుదించుకొని నెర్రెలు విచ్చుతుంది. పునాది లోతు చాలకపోతే ఏటేటా ఆ కదలిక గోడకు ఎక్కుతుంది. పైగా డాబా మీది నీరంతయు ఒకే గొట్టము ద్వారా ఆ మూలనే పడుచున్నది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇట్టి నేలల కొరకు అడుగున గడ్డవలె ఉబ్బిన పైళ్ళ పునాదిని రూపొందించినది గాని, అది ఇల్లు కట్టకముందు చేయవలసిన పని. కట్టిన ఇంటికి చేయగలిగినది నీటిని మళ్ళించుట, గోడ చుట్టు వాలుగా చప్టా వేయుట, మూలన పునాదిని బలపరచుట. ఆ పనులకు నా నాలుగు నెలల జీతము చెల్లినది.

కొన్న తరువాత కలిగే ఈ పశ్చాత్తాపమునకు మన ప్రాచీనులు ఒక చక్కని పేరు పెట్టినారు: క్రయవిక్రయానుశయము. మనువు చెప్పిన పదునెనిమిది వివాదపదములలో ఇది ఒకటి. కొన్నవాడు గాని అమ్మినవాడు గాని పది దినములలోపల మనసు మార్చుకొనవచ్చునని ఆయన గడువు పెట్టినాడు. ఇట్టి ధర్మశాస్త్ర విషయములను పదమూడవ శతాబ్దిలోనే కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనుగు చేసినాడు. నా బీట పది దినములు దాటిన తరువాతగాని కనిపించలేదు!

నేటి చట్టము పది దినములతో ఆగదు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము, 55వ సెక్షను ప్రకారము, వేరే ఒడంబడిక లేనియెడల, అమ్మువాడు తనకు తెలిసిన ముఖ్యమైన లోపమును కొనువానికి చెప్పవలెను. అయితే అది కొనువానికి తెలియనిదియు, సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టలేనిదియు అయి ఉండవలెను. అట్టిదానిని చెప్పకపోవుట మోసమే. మోసము బయటపడిన నాటినుండి దావాకు మూడేండ్ల గడువు ఉన్నదని ప్లీడరుగారు చెప్పినారు. మరమ్మతుకు ముందే ఛాయాచిత్రములు తీయించవలెననియు, ఇంజనీరుచేత వ్రాతపూర్వకముగా నివేదిక పొందవలెననియు, ఆపైన నోటీసు ఇవ్వవలెననియు అన్నారు. బిల్డర్లు కట్టి అమ్మే ఇండ్లకు 2016వ సంవత్సరపు రెరా చట్టము స్వాధీనము నాటినుండి ఐదేండ్ల బాధ్యత పెట్టినది. పాత ఇల్లు అమ్ముకొనే గృహస్థునికి అది వర్తించదు.

నోటీసు వ్రాయించి, జేబులో పెట్టుకొని పెద్దాయన వద్దకు వెళ్ళినాను. ఆయన ఒక అద్దె గదిలో, మంచము పట్టిన భార్య ప్రక్కన కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే తల వంచుకొన్నారు. “మీరు అడగలేదు, నేను చెప్పలేదు మాస్టారూ. చెబితే కొందురా? ఈమె వైద్యానికి అప్పుడే డబ్బు కావలసి వచ్చింది” అన్నారు. నోటీసు జేబులోనే ఉండిపోయినది. తరువాత ఏడాదిలో ఆయన మూడు విడతలుగా మరమ్మతు ఖర్చులో సగము తెచ్చి ఇచ్చినారు. నేను వద్దనలేదు. వద్దని ఉంటే ఆయనకు మరింత అవమానమయ్యేది.

నా కథ అక్కడితో ముగియలేదు. నిరుడు అమ్మాయి పెండ్లికని ఆ ఇంటినే అమ్మవలసి వచ్చినది. బ్రోకరు వచ్చి అన్ని గదులు చూచినాడు. మూలగోడమీద వెంట్రుకవంటి గీత ఒకటి మరల కనిపించుచున్నది. “వెల్ల వేయించండి మాస్టారూ. బీరువా మాత్రం అక్కడే ఉంచండి” అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పన్నెండేండ్ల క్రితము పెద్దాయనమీద నేను వేసిన తీర్పు ఇప్పుడు నా గడపలోనికి వచ్చి కూర్చున్నది. ఆయనకు భార్య వైద్యము, నాకు కూతురి పెండ్లి. అడగనివానికి చెప్పనక్కరలేదను వాదము ఆనాడు నాకు నీచముగా తోచినది. ఈనాడు ఎంత సహేతుకముగా వినిపించినదో!

తెల్లవారిన తరువాత నా భార్య బీరువా ప్రక్కకు జరిపించినది. ఆమె నాతో ఏమియు అనలేదు. ఇల్లు చూడవచ్చిన వారినందరిని మొదట ఆ మూలకే తీసుకొనిపోయినాను. ఇద్దరు వెనుదిరిగినారు. మూడవవాడు, ఒక యువ ఉపాధ్యాయుడు, ధర తగ్గించి అడిగి కొన్నాడు. తగ్గిన సొమ్ముకు అప్పు చేసినాను. నెలనెలా ఇప్పటికిని తీర్చుచున్నాను.

దస్తావేజుతోపాటు మేస్త్రీ చెప్పిన మాటలను, చేసిన మరమ్మతులను, నీటిగొట్టము మళ్ళించిన విధమును ఒక కాగితముమీద వ్రాసి ఆ యువకునికి ఇచ్చినాను. అతడు దానిని రెండుమారులు చదివి, మడచి, దస్తావేజు లోపల పెట్టుకొన్నాడు.