దేశబాంధవి సుబ్బమ్మగారు

మాకు అక్షరములు దిద్దించినవారు మా తాతగారి అక్కగారు. బాల్యముననే వైధవ్యము ప్రాప్తించి, వట్లూరిలోని పుట్టింట, వంటయిల్లే లోకముగా తొంబదియేండ్లు గడపిన యా మామ్మగారికి భారతము కంఠస్థము. పప్పు రుబ్బుచునే మాచేత పద్యములు వల్లె వేయించెడివారు. ఆమె తరచుగా తలంచు పేరు దువ్వూరి సుబ్బమ్మగారిది.

సోదరీమణులారా! సుబ్బమ్మగారు 1880లో ద్రాక్షారామమున జన్మించి, చిన్ననాటనే భర్తను గోలుపోయిరి. అట్టి స్త్రీకి ఆ కాలమున శుభకార్యములలో నిలుచు చోటు లేదు. ఆమె మాత్రము సంస్కృతాంధ్రముల నభ్యసించి, నిండుసభలలో నిలిచి ప్రసంగించిరి. ఖద్దరు మూటతో ఊరూర తిరిగి అమ్మిరి. సహాయనిరాకరణోద్యమమున 1922లో ఏడాది కారాగారశిక్ష పొందిరి. క్షమాపణ చెప్పిన విడిచెదమనినను చెప్పరైరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమునందు మరల చెఱసాల కేగిరి. జనులామెను దేశబాంధవి యని పిలిచిరి.

అయినను మాకు ఆ చెఱసాలకంటె, ఆమె రాజమహేంద్రవరమున నెలకొల్పిన సనాతన స్త్రీ విద్యాలయమే యెక్కువగా తోచును. ఆ పేరుంచుటయందు కొంత గడుసుదనము కలదు గాబోలు! సనాతనమన్న మాట విని, కూతురిని బడికంపుటకు జంకు తండ్రులు కొందరైన మెత్తబడియుందురు. సొంత కాపురమెరుగని యామె యెందరి బిడ్డలకో తల్లియై, 1964లో, ఎనుబదినాలుగవయేట కన్నుమూసిరి.

మా మామ్మగారికి బడి లేదు. ఆమెకు శిష్యులము మేమే. ఆమె గతించిన పిదప పెట్టె తెరవగా, మడత బట్టల యడుగున నొక నూలుచిలప కనబడినది. ఎప్పుడు వడకిరో, ఎవరికై దాచిరో, మేమెన్నడును అడిగియుండలేదు.