ఒక బెర్తు – ఒకే పద్దు

రైలులో దూరప్రయాణం చేసేవారు ముందుగానే టికెట్టు కొనుక్కొంటారు. టికెట్టు మీద బోగీ సంఖ్య, బెర్తు సంఖ్య ఉంటాయి. ప్రయాణంనాడు ఆ బెర్తు తమకోసం ఖాళీగా ఉంటుందన్న నమ్మకంతో ఇల్లు కదులుతారు. పరీక్ష రాయడానికి వెళ్లే విద్యార్థి, వైద్యం కోసం వేలూరు వెళ్లే రోగి, పెళ్లికి వెళ్లే కుటుంబం – అందరిదీ అదే నమ్మకం. ఆ బెర్తును మరొకరికి కూడా అమ్మితే ఏమవుతుంది? రాత్రివేళ ఇద్దరు మనుషులు ఒకే బెర్తు ముందు నిలబడి తగవుపడవలసి వస్తుంది. ఇద్దరూ డబ్బు చెల్లించినవారే. ఇద్దరి చేతుల్లోనూ టికెట్లు ఉంటాయి. తప్పు వారిది కాదు, లెక్కది.

ఇలాంటి తప్పు జరగకుండా రిజర్వేషన్ లెక్కను ఎలా కాపాడతారు? ఆ లెక్కను నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఎలా తయారుచేస్తారు? ఈ పాఠంలోని విషయం ఇదే.

కంప్యూటర్లు రాకముందు రిజర్వేషన్ అంతా పుస్తకాల్లోనే సాగేది. ఒక్కొక్క రైలుకు, ఒక్కొక్క తేదీకి వేరువేరు పట్టికలు ఉండేవి. ప్రయాణికుడు దరఖాస్తు ఇస్తే, గుమాస్తా పట్టిక తీసి ఖాళీ బెర్తు ఎదుట అతని పేరు రాసేవాడు. పుస్తకం ఒకటే, అది ఒక్క గుమాస్తా చేతిలోనే ఉండేది. అందువల్ల ఒకే బెర్తు ఎదుట రెండు పేర్లు పడే అవకాశం తక్కువ. కాని ఏ రైలు పుస్తకం ఏ కిటికీ దగ్గర ఉంటే ఆ కిటికీ ముందే ప్రయాణికుడు నిలబడాలి. వేరే ఊరి నుంచి తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే, ఆ ఊరికి తంతి పంపించి జవాబు కోసం ఎదురుచూడాలి.

1985లో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ ప్రయోగాత్మకంగా మొదలైంది. దాని సాఫ్ట్‌వేర్‌ను సి.ఎం.సి. సంస్థ తయారుచేసింది. 1986లో రైల్వేశాఖ తన కంప్యూటర్ పనుల కోసం క్రిస్ అనే సంస్థను నెలకొల్పింది. క్రమంగా ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదులలో ఐదు పెద్ద రిజర్వేషన్ కేంద్రాలు ఏర్పడ్డాయి. మొదట్లో ఏ కేంద్రం లెక్క దానిదే. వీటిని ఒకదానితో ఒకటి కలపడానికి క్రిస్ నిపుణులు కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించారు. అది 1994లో మొట్టమొదట అమలులోకి వచ్చింది సికింద్రాబాదులోనే. 1999 నాటికి ఐదు కేంద్రాలూ అనుసంధానమయ్యాయి. 2002 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. సంస్థ ఇంటర్నెట్ ద్వారా టికెట్లు అమ్మడం ప్రారంభించింది. యానాంలో రైల్వే స్టేషను లేదు. అయినా అక్కడివారు ఇంట్లో కూర్చుని దేశంలోని ఏ మూలకైనా టికెట్టు కొనుక్కోగలుగుతున్నారు.

ఈ మార్పుతో సౌకర్యం పెరిగింది. చిక్కు కూడా పెరిగింది. ఒకప్పుడు ఒక గుమాస్తా చేతిలో ఉన్న పుస్తకం ఇప్పుడు లక్షలమంది ముందు ఒకేసారి తెరుచుకొంటుంది. అయినా ఒక బెర్తు ఎదుట ఒక్క పేరే పడాలి. వెబ్ వ్యవస్థలను తయారుచేసేవారి ముందున్న అసలు సమస్య ఇదే.

కంప్యూటర్లో సమాచారాన్ని ఒక క్రమంలో భద్రపరిచే ఏర్పాటును డేటాబేస్ అంటారు. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త, సమాచారాన్నంతా అడ్డువరుసలు, నిలువువరుసలు ఉన్న పట్టికలుగా అమర్చే పద్ధతిని ప్రతిపాదించాడు. నేటికీ వ్యాపార వ్యవస్థల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి. రిజర్వేషన్‌నే తీసుకొంటే, రైళ్ల వివరాలకు ఒక పట్టిక, బెర్తులకు ఒక పట్టిక, టికెట్లకు ఒక పట్టిక, చెల్లింపులకు ఒక పట్టిక ఉంటాయనుకోవచ్చు.

పట్టికలను అమర్చడంలో ముఖ్యమైన సూత్రం ఒకటి ఉంది: ఒక విషయాన్ని ఒకేచోట రాయాలి. రైలు బయలుదేరే వేళను ప్రతి టికెట్టు వరుసలోనూ రాశారనుకొందాం. వేళ మారినప్పుడు వేల వరుసలు దిద్దాలి. ఒక్క వరుస దిద్దకపోయినా లెక్కలో రెండు వేళలు కనిపిస్తాయి. ఏది నిజమో ఎవరూ చెప్పలేరు. అందుకే బయలుదేరే వేళను రైళ్ల పట్టికలో మాత్రమే రాస్తారు. టికెట్ల పట్టికలో రైలు సంఖ్యను మాత్రం ఉంచుతారు. ఆ సంఖ్య ఆధారంగా కంప్యూటర్ వేళను వెదికి తెస్తుంది.

ప్రతి వరుసనూ గుర్తించడానికి ఒక సంఖ్య ఉండాలి. పేరుతో గుర్తిస్తే చాలదా? చాలదు. ఒకే పేరుగలవారు అనేకులు ఉంటారు. అదీగాక సుబ్బారావు అనే పేరును ఇంగ్లీషు అక్షరాలలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాస్తారు. తెలుగువారు ఇంటిపేరును ముందు రాస్తే, మరికొన్ని ప్రాంతాలవారు కుటుంబం పేరును చివర రాస్తారు. కాబట్టి రైల్వేవారు ప్రతి టికెట్టుకూ పది అంకెల పి.ఎన్.ఆర్. సంఖ్యను ఇస్తారు. ఒకసారి ఒక టికెట్టుకు ఇచ్చిన సంఖ్య, ఆ టికెట్టు వాడుకలో ఉన్నంతకాలం మరొకదానికి రాదు. పేరు రాయడంలో చిన్న తేడా వచ్చినా సంఖ్యతో టికెట్టును గుర్తించవచ్చు.

బెర్తుల లెక్కలో మరొక సూక్ష్మం ఉంది. హౌరా నుంచి చెన్నై వెళ్లే రైలులో ఒకే బెర్తును బరంపురం నుంచి విశాఖపట్నం దాకా ఒకరికి, విశాఖపట్నం నుంచి విజయవాడ దాకా ఇంకొకరికి, అక్కడినుంచి చెన్నై దాకా వేరొకరికి ఇవ్వవచ్చు. ఇది తప్పు కాదు. ఒకరు దిగిన తరువాతనే మరొకరు ఎక్కుతారు. కాబట్టి కంప్యూటర్ బెర్తు సంఖ్యను మాత్రమే చూస్తే సరిపోదు. ఏ స్టేషను నుంచి ఏ స్టేషను వరకు అన్నది కూడా చూడాలి. ఆ దూరాలు ఒకదానిమీద ఒకటి పడకూడదు.

ఇప్పుడు అసలు చిక్కును పరిశీలించవచ్చు. ఒక రైలులో ఒక్క బెర్తు మిగిలింది. బరంపురంలో ఒకరు రిజర్వేషన్ కిటికీ దగ్గర చెన్నైకి టికెట్టు అడుగుతున్నారు. సరిగ్గా అప్పుడే యానాంలో ఒకరు సామర్లకోట నుంచి చెన్నైకి సెల్‌ఫోనులో టికెట్టు కోరారు. సామర్లకోట నుంచి చెన్నై వరకు ఇద్దరికీ అదే బెర్తు కావాలి. కంప్యూటర్ ఇద్దరికోసమూ లెక్క చూసింది. రెండుసార్లూ "ఖాళీ ఒకటి" అని కనిపించింది. ఒకటిలోనుంచి ఒకటి తీసి, మిగిలింది సున్నా అని మొదటివారి తరఫున రాసింది. రెండవవారి తరఫున కూడా సున్నా అనే రాసింది. లెక్క చూస్తే సవ్యంగానే ఉంది. కాని టికెట్లు రెండు పుట్టాయి!

ఈ ప్రమాదాన్ని నివారించడానికి డేటాబేస్‌లో తాళం వేసే పద్ధతి ఉంది. ముందుగా వచ్చినవారి కోరిక ఆ బెర్తు వరుసకు తాళం వేస్తుంది. లెక్క చూడడం, పేరు రాయడం రెండూ ఆ తాళం కిందనే జరుగుతాయి. రెండవవారి కోరిక తలుపు బయట ఆగుతుంది. సాధారణంగా ఆ నిరీక్షణ ఒక్క సెకను కూడా ఉండదు. తాళం తీసేసరికి ఖాళీ సున్నా అని రెండవవారికి తెలుస్తుంది. అప్పుడు వారికి ఆర్.ఏ.సి.లోగాని, నిరీక్షణ జాబితాలోగాని చోటు దొరుకుతుంది. ఆర్.ఏ.సి.లో ఇద్దరు ఒకే పక్కబెర్తు మీద కూర్చుంటారు. కాని ఆ సంగతి ఇద్దరికీ ముందే తెలుసు. లెక్కలోనూ రాసి ఉంటుంది. అందుకే అక్కడ తగవు లేదు.

టికెట్టు కొనడంలో అనేక పనులు ఇమిడి ఉన్నాయి. బెర్తు కేటాయించాలి, టికెట్టు సంఖ్య ఇవ్వాలి, చెల్లింపును నమోదు చేయాలి. ఇవన్నీ జరగాలి, లేదా ఒక్కటీ జరగకూడదు. సగం పని మిగలరాదు. ఇలా విడదీయరాని పనుల కూటమిని లావాదేవీ అంటారు. ఈ రంగంలో విశేష కృషి చేసిన జిమ్ గ్రే అనే అమెరికన్ శాస్త్రవేత్తకు 1998లో ట్యూరింగ్ పురస్కారం లభించింది.

డబ్బు విషయంలో మాత్రం ఈ నియమాన్ని పాటించడం మరింత కష్టం. రైల్వే లెక్క ఒకచోట, బ్యాంకు లెక్క వేరొకచోట ఉంటాయి. ప్రయాణికుడి ఖాతాలోనుంచి సొమ్ము తీసినట్లు బ్యాంకు పంపిన కబురు దారిలో తెగిపోవచ్చు. అప్పుడు డబ్బు పోతుంది, టికెట్టు రాదు. ఇందుకు రెండు జాగ్రత్తలు తీసుకొంటారు. మొదటిది, ప్రతి చెల్లింపుకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇవ్వడం. అదే సంఖ్యతో బ్యాంకును ఎన్నిసార్లు అడిగినా సొమ్ము ఒక్కసారే తీయాలి. రెండవది, రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి పద్దు పద్దునూ సరిచూడడం. ఒకవైపు ఉండి రెండవవైపు లేని సొమ్మును ప్రయాణికుడికి తిరిగి పంపిస్తారు. పూర్వం దుకాణదారులు రాత్రి దీపం పెట్టుకొని చేసిన పనే ఇది.

ఆ దుకాణదారుల దగ్గర చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగిన ప్రతి లావాదేవీని జరిగిన వరుసలో చిట్టాలో రాసేవారు. తరువాత ఒక్కొక్కరి ఖాతా ప్రకారం ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఆవర్జా పాడైతే చిట్టా చూసి మళ్లీ రాసుకోవచ్చు. డేటాబేస్ కూడా ఇదే పని చేస్తుంది. పట్టికను మార్చడానికి ముందే, ఏమి మార్చబోతున్నదో తన చిట్టాలో రాసుకొంటుంది. మధ్యలో కరెంటు పోయినా, యంత్రం ఆగిపోయినా, మళ్లీ లేచాక ఆ చిట్టా చదువుకొని పూర్తయిన పనులను నిలుపుతుంది. సగంలో ఉన్నవాటిని రద్దు చేస్తుంది. ఇది గాక, మొత్తం సమాచారానికి నకళ్లు తీసి దూరంగా మరొక ఊళ్లో భద్రపరుస్తారు. నకలు తీస్తే చాలదు. దాని నుంచి లెక్కను తిరిగి నిలబెట్టగలమా లేదా అని అప్పుడప్పుడు పరీక్షించాలి. విత్తనాలు దాచినవాడు అవి మొలకెత్తుతాయో లేదో కొన్నింటిని నాటి చూసుకొన్నట్లే ఇది కూడా.

ఇంత బాధ్యతగల సాఫ్ట్‌వేర్‌ను ఒక్కరు ఒక్క రోజులో రాయలేరు. ముందుగా, పని చేసేవారిని, ఉపయోగించేవారిని అడిగి అవసరాలను తెలుసుకొంటారు. గుమాస్తాకు తెలిసిన కోటాల నిబంధనలు ప్రోగ్రామరుకు తెలియవు. తరువాత పట్టికల నమూనా గీస్తారు. ఆపైన ప్రోగ్రాములు రాస్తారు. రాసినదాన్ని పరీక్షిస్తారు. పరీక్షలో మామూలు సందర్భాలకన్నా అంచున ఉన్న సందర్భాలే ముఖ్యం. చివరి బెర్తును ఇద్దరు ఒకేసారి కోరితే? ప్రయాణ తేదీ ఫిబ్రవరి 29 అయితే? పేరు ఒకే అక్షరమైతే? డబ్బు చెల్లించే మధ్యలో ఫోను ఆగిపోతే? ఇలా ప్రశ్న మీద ప్రశ్న వేసుకొంటారు. ఈ పరీక్షలన్నీ నకలు లెక్క మీదనే చేస్తారు. అసలు లెక్క మీద ప్రయోగాలు చేయరాదు. ప్రోగ్రాములో ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో కూడా రాసి ఉంచుతారు. కొత్త మార్పు బెడిసికొడితే వెంటనే పాతదానికి మళ్లడానికి అది ఉపయోగపడుతుంది.

రద్దీని తట్టుకోవడం మరొక పరీక్ష. 2024 నవంబరు 1 నుంచి చాలా రైళ్లకు 60 రోజుల ముందుగా రిజర్వేషన్ ఇస్తున్నారు. పండుగ రోజుల టికెట్ల కోసం ఉదయం 8 గంటలకు దేశమంతా ఒక్కసారి తలుపు తడుతుంది. ఐ.ఆర్.సి.టి.సి. పాత వ్యవస్థ నిమిషానికి సుమారు 2,000 టికెట్లు ఇవ్వగలిగేది. 2014లో తెచ్చిన కొత్త వ్యవస్థను నిమిషానికి 7,200 టికెట్లు ఇచ్చేలా రూపొందించారు. వేగం పెరగడం మంచిదే. కాని వేగం కోసం తాళాన్ని తీసేస్తే, తప్పుడు టికెట్లు కూడా అంతే వేగంగా పుడతాయి.

లెక్క నిజంగా ఉండడమే కాదు, భద్రంగా కూడా ఉండాలి. టికెట్టు వివరాలలో మనిషి పేరు, వయస్సు, ఫోను సంఖ్య, ఏ రోజున ఇంట్లో ఉండడో కూడా ఉంటాయి. అవి పరాయివారికి చిక్కకూడదు. ప్రయాణికుడి రహస్యపదాన్ని ఉన్నదున్నట్లు దాచరు. తిరిగి చదవడానికి వీలులేని రూపంలోకి మార్చి దాచడం మంచి పద్ధతి. ఏ ఉద్యోగికి ఎంత అవసరమో అంతే చూపిస్తారు. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడడానికి 2023లో భారత పార్లమెంటు ఒక చట్టం చేసింది.

రైల్వేలాంటి పెద్ద సంస్థకే గాక చిన్న వ్యాపారానికీ ఈ సూత్రాలే వర్తిస్తాయి. షోలాపూరు దుకాణదారు తన దుప్పట్లను వెబ్ ద్వారా అమ్మినా, హోసూరు రైతు తన పూలను అమ్మినా, చివరి దుప్పటిని ఇద్దరికి అమ్మకూడదు. ఒక బుట్ట పూలకు రెండుసార్లు డబ్బు తీసుకోకూడదు. యంత్రాలు మారుతాయి, భాషలు మారుతాయి. లెక్క నిజం చెప్పాలన్న నియమం మాత్రం మారదు. ఎన్నడూ ముఖం చూడని ప్రయాణికుడి కోసం ఒక బెర్తును ఖాళీగా నిలిపి ఉంచడమే ఆ లెక్క రాసేవారి ధర్మం.

అభ్యాసం

1. పుస్తకాల కాలంలో రిజర్వేషన్ ఎలా జరిగేది? అందులోని ఇబ్బందులు ఏవి?
2. ఒక విషయాన్ని ఒకేచోట రాయాలనడానికి కారణమేమిటి?
3. ఖాళీ ఒక్కటే ఉన్నప్పుడు రెండు టికెట్లు ఎలా పుడతాయో, తాళం దాన్ని ఎలా ఆపుతుందో సొంతమాటల్లో రాయండి.
4. చిట్టాకు, ఆవర్జాకు గల భేదాన్ని వివరించండి.
5. మీ పాఠశాల గ్రంథాలయానికి పుస్తకాల పట్టిక, విద్యార్థుల పట్టిక, ఇచ్చిపుచ్చుకొన్న వివరాల పట్టిక తయారుచేయండి. ఒకే పుస్తకం ఇద్దరి పేర పడకుండా ఏ జాగ్రత్త తీసుకొంటారో తరగతిలో చర్చించండి.