మీకు తెలుసా? ఈ బల్లికి కావాల్సింది వేడి కాదు, చల్లదనం

సరీసృపాన్ని పెంచాలనగానే చాలామంది ముందు వేడి దీపం కొంటారు. క్రెస్టెడ్ గెక్కో విషయంలో ఆ అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది. పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా అడవుల్లో చెట్లపై బతికే ఈ బల్లి అంతరించిపోయిందనుకున్నాక 1994లో మళ్లీ కనిపించింది. రాత్రిపూట తిరిగే దీనికి 22 నుంచి 26 డిగ్రీలు చాలు. 28 దాటిన వేడి కొనసాగితే తట్టుకోలేదు. మే నెలలో విజయవాడలో దీన్ని పెంచేవారికి ఖర్చు దీపానికి కాదు, ఏసీకి! గూటికి వెడల్పుకన్నా ఎత్తు ముఖ్యం. ఎదిగినదానికి కనీసం 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, 60 ఎత్తు ఉన్న గాజు పెట్టె, అందులో ఏటవాలు కొమ్మలు, దట్టంగా ఆకులు ఉండాలి. సాయంత్రం నీళ్లు చిలకరిస్తే ఆకుల మీది చుక్కలను నాకి తాగుతుంది. పగలు పెట్టె కొంత ఆరాలి, లేకుంటే బూజు పడుతుంది.

అడవిలో పళ్లు తింటుంది కదా, రోజూ అరటిపండు పెడితే పోలేదా అనవచ్చు. అక్కడ అది పళ్లతోపాటు పూతేనె, పురుగులూ తింటుంది. అరటిలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎక్కువ. అదొక్కటే పెడితే ఎముకలు మెత్తబడి దవడ వంకరపోతుంది. అందుకే నీళ్లలో కలిపిపెట్టే గెక్కో ఆహారప్పొడే ప్రధానం; కాల్షియం అద్దిన చిన్న కీచురాళ్లు వారానికి ఒకటి రెండుసార్లు చాలు. పట్టుకునేటప్పుడు మాత్రం తోక జోలికి పోకండి. మన గోడ మీది బల్లికిలా దీనికి ఊడిన తోక మళ్లీ మొలవదు.