వంగి లేచే క్లిప్పు, వంగి నిలిచే రివెట్టు

పాత కార్ల ప్రదర్శన ఎప్పుడైనా చూశారా? ప్రతి చక్రం నడుమ బోర్లించిన గిన్నెలాగా తళతళ మెరిసే రేకు మూత ఒకటి ఉంటుంది. దీన్నే హబ్‌క్యాప్ అంటారు. చక్రాన్ని బిగించే బోల్టులకూ, ఇరుసు చివర ఉండే బేరింగుకూ దుమ్మూ బురదా తగలకుండా కాపాడడం దీని పని. అయితే ఈ మూతకు బయట ఒక్క మరమేకైనా కనబడదు. మరి, కారు పరుగెత్తుతున్నా అది ఊడిపోకుండా ఎలా నిలుస్తోంది?

జవాబు కోసం వోక్స్‌వాగెన్ బీటిల్ కారును చూద్దాం. 1938లో జర్మనీలో రూపుదిద్దుకున్న ఈ కారు, 2003లో మెక్సికోలో చివరిది తయారయ్యేనాటికి, 2 కోట్ల 10 లక్షలకు పైగా అమ్ముడయింది. పాత బీటిల్ మూతను ఊడదీస్తే చక్రపు రేకు మీద గుండ్రంగా అమర్చిన కొన్ని చిన్న ఉక్కు పట్టీలు కనిపిస్తాయి. ఒక్కొక్క పట్టీ రివెట్టుతో చక్రానికి బిగించి ఉంటుంది. ఇవే క్లిప్పులు. మూతను నొక్కినప్పుడు దాని అంచు తగిలి క్లిప్పులు లోపలికి వంగుతాయి. అంచు దాటగానే తిరిగి లేవబోయి, మూతను లోపలినుంచి బయటికి ఒత్తి పడతాయి. అన్ని వైపులా సమానంగా ఒత్తడం వల్ల మూత కదలదు.

వంచితే ఎందుకు లేస్తుంది?

వంచి వదిలినప్పుడు తన మునుపటి ఆకారానికి తిరిగి వచ్చే గుణాన్ని స్థితిస్థాపకత అంటారు. స్ప్రింగు ఎంత సాగితే, అది వెనక్కి లాగే బలం అంత పెరుగుతుందని కనిపెట్టినవాడు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్. ఈ సంగతిని 1676లో అక్షరాలు తారుమారు చేసి ఒక పొడుపుకథలా ప్రకటించాడు. విప్పి చెప్పింది 1678లో!

కానీ ఈ గుణానికి ఒక హద్దు ఉంది. దాన్ని స్థితిస్థాపక అవధి అంటారు. ఆ హద్దు దాటి వంచితే లోహం మళ్ళీ మునుపటిలా లేవదు. మామూలు మెత్తని ఇనుప రేకుకు ఈ హద్దు తక్కువ. అందుకే క్లిప్పును కర్బనం ఎక్కువగా ఉన్న ఉక్కుతో చేస్తారు. దాన్ని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే చాలా గట్టిపడుతుంది గాని, పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసుదనం పోవడానికి మళ్ళీ తక్కువ వేడిమీద కాస్తారు. మన కమ్మరి కత్తికి పదును పట్టించేదీ ఈ సూత్రంతోనే.

క్లిప్పు ఎందుకు చెడిపోతుంది?

బీటిల్ చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. అంటే కిలోమీటరుకు 500 సార్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ ఒక్కొక్క క్లిప్పు ఒకసారి పైకి వస్తుంది, అప్పుడు మూత బరువు దానిమీద పడుతుంది. కిందికి వెళ్ళినప్పుడు ఆ బరువు తప్పుతుంది. 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఇలా 50 లక్షల సార్లు! మూత బరువు కొద్దిపాటిదే అయినా, గతుకుల కుదుపులు దానికి తోడవుతాయి.

చిన్న బలమైనా లక్షలసార్లు పడితే లోహం విరగవచ్చు. దీన్ని లోహపు అలసట అంటారు. 1842లో ఫ్రాన్సులో వెర్సాయి నుంచి పారిస్ వెళుతున్న రైలింజను ఇరుసు ఇలాగే విరిగి ఘోర ప్రమాదం జరిగింది. తరువాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసులమీద ఏళ్ళ తరబడి పరీక్షలు చేశాడు. బలం ఒక స్థాయికి లోబడి ఉంటే ఉక్కు దాదాపు ఎంతకాలమైనా మన్నుతుందని చూపాడు.

అయితే తుప్పు ఈ లెక్కను తారుమారు చేస్తుంది. రివెట్టు కింద నీరు నిలిచి క్లిప్పు మొదట్లో సన్నని గుంటలు పడతాయి. బలమంతా ఆ గుంటల దగ్గర కేంద్రీకరించి పగులు మొదలవుతుంది. ఒక క్లిప్పు విరిగితే మిగతావాటి ఒత్తిడి సమతూకం తప్పుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 11 సార్లు తిరుగుతుంది. అప్పుడు ఊడిన మూత విసిరిన పళ్ళెంలా దూసుకుపోతుంది. దారిన పోయేవారికి తగిలితే ఏమవుతుందో ఊహించండి.

వంచి సరిచేస్తే చాలదా?

సడలిన క్లిప్పును పటకారుతో బయటికి లాగితే మూత మళ్ళీ బిగుతుగానే కూర్చుంటుంది. కానీ అలా లాగడమంటే లోహాన్ని మరోసారి హద్దు దాటించడమే. పగులు ఉంటే అది మరింత పెరుగుతుంది. అందుచేత కొత్త క్లిప్పు వేయడమే క్షేమం.

ఈ పని పెద్దవాళ్ళు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని చేయాలి. ముందుగా చక్రాన్ని కారునుంచి విప్పి కింద పరుస్తారు. రివెట్టు తలను ఆకురాయితో చదును చేసి, నడుమ పంచ్‌తో గుంట కొట్టి, డ్రిల్లుతో తొలుస్తారు. తల ఊడగానే మిగిలిన కాడను వెనక్కి కొట్టి తీస్తారు. చక్రంలోని రంధ్రం మాత్రం పెద్దది కాకూడదు, అయితే కొత్త రివెట్టు వదులవుతుంది. తరువాత తుప్పు గీకి, రంగు పూసి ఆరనిస్తారు. అప్పుడు కొత్త క్లిప్పును పెట్టి, రివెట్టు తలకింద బరువైన ఇనుప దిమ్మె ఆనించి, రెండో చివరను సుత్తితో పుట్టగొడుగులా అణగగొడతారు.

వెల్డింగు చేస్తే పని సులువు కదా? సులువే గాని, ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. పదును పోయిన క్లిప్పు వంగుతుంది, లేవదు.

ఇక్కడ ఒక వింత చూడండి. క్లిప్పు స్థితిస్థాపక అవధి దాటకూడదు, దాటితే పనికిరాదు. రివెట్టు దాటి తీరాలి, దాటకపోతే పట్టు ఉండదు. ఒకే చక్రం మీద పక్కపక్కనే ఉన్న రెండు ముక్కలు ఒకే గుణాన్ని ఎదురెదురుగా వాడుకుంటున్నాయి!

చక్రానికున్న క్లిప్పులన్నీ ఒకేసారి మార్చడం మంచిది. కొత్తదీ పాతదీ కలిస్తే బలమైన క్లిప్పు మూతను ఒక పక్కకు నెడుతుంది.

మీరే చేసి చూడండి

కాగితాలకు పెట్టే జెమ్ క్లిప్పు ఒకటి తీసుకోండి. దాని రేకలను కాస్త విడదీసి వదిలితే తిరిగి దగ్గరవుతాయి. బాగా విప్పేస్తే అలాగే ఉండిపోతాయి. ఇప్పుడు తీగను ఒకేచోట ఇటూ అటూ వంచుతూ ఎన్నోసారి విరుగుతుందో లెక్కపెట్టండి. విరిగిన చోట వెంటనే పెదవికి ఆనించకండి, చురుక్కుమంటుంది! మీరు వంచడానికి పెట్టిన శక్తిలో చాలాభాగం అక్కడ వేడిగా మారింది.