కొల్లేటి నీటిమట్టము – పక్షుల మనుగడ

ఏలూరుకు దక్షిణంగా, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లపు నేలలో కొల్లేరు వున్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరుల నీరు ఇందులో చేరుతుంది. బయటికి పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. అది సుమారు 60 కిలోమీటర్లు సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. వరదలలో రాక ఎక్కువ, పోక తక్కువ గనుక సరస్సు పొంగుతుంది. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున నీరు నిలిస్తే విస్తీర్ణం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 10 అడుగులైతే సుమారు 900. అయిదడుగుల తేడాకు దాదాపు మూడు రెట్లు! నేల ఎంత చదునో విద్యార్థులు దీనినిబట్టి ఊహించవచ్చును.

తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటిలో మృగాల మందలు వానను, పచ్చికను వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు నడుస్తవి. కొల్లేటిలో నడిచేది నీరే. వానలు వెనుకబట్టి నీరు తీసినకొద్దీ చేపలు మిగిలిన మడుగులలో గుమిగూడుతవి. ఎర్రకాళ్ళ కొంగ ముక్కు సగం తెరిచి నీటిలో ముంచి, చేప తగలగానే చటుక్కున మూస్తుంది; చూపుతో దానికి అంతగా పనిలేదు. కాని మోకాలిలోతు నీరు తప్పనిసరి. గూడబాతు ఈదగలదు. దాని గొంతుసంచి చేపలు దాచుకునే బుట్ట అని పలువురి భ్రమ. నిజానికి అది వల: నీటితో సహా చేపను తోడి, సంచిని రొమ్ముకు నొక్కి నీరు పిండి, చేపను మింగుతుంది.

1946లో తాడేపల్లిగూడెం సమీపాన ఆరేడువద్ద కె. కె. నీలకంఠన్ గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనుగొన్నాడు. అప్పుడు సుమారు 3,000 పక్షులు అక్కడ గూళ్ళు కట్టుకొని వున్నవి. 1970 దశకంలో ఆ స్థావరం అంతరించింది.

తరువాత సరస్సు గర్భంలోనే గట్లు పోసి చేపల చెరువులు తవ్వినారు. ఎందరికో బ్రతుకుతెరువు దొరికిన మాట నిజమే. అయితే చెరువులో ఏడాది పొడుగునా లోతు తగ్గదు. నీరు తీయనిచోట కొంగకు కాలూనే చోటు లేదు. చెరువునిండా చేపలున్నా దానికి దక్కవు. పైగా గట్లు వరదకు అడ్డము.

1999లో 5 అడుగుల మట్టం వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ గుర్తింపు లభించింది. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను పగులగొట్టినారు. 2008లో శాసనసభ ఈ హద్దును 3 అడుగులకు తగ్గించాలని తీర్మానించింది. వినుటకు రెండడుగులే. ఆ రెండడుగుల నడుమ నేలే, నీరు తీసేవేళ కొంగలు మేసే అంచు. కైకలూరువద్ద ఆటపాకలో గూడబాతులు ఇనుప మంచెలపై గూళ్ళు పెట్టుకున్నవి. మంచెను మనిషి కట్టి ఇవ్వగలడు. మేతకు మాత్రం అవి సరస్సుకే పోవాలి.